చెరువు అడుగు నీళ్ళు ఎవరివి?

(2025 నవంబరులో పెనుకొండలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయి. యూరియా కోసం క్యూలో నిలబడిన సంగతి ఉంది, శనక్కాయ ధర ఉంది, హంద్రీ-నీవా కాలువ ఉంది. వీటి మధ్య చేపల సంగతి కూడా పెట్టమని మేమే అడిగాం. "రైతు సంఘానికి చేపలతో ఏం పని?" అని ఒకరిద్దరు నవ్వారు. పని ఉంది.

మాలో చాలామందిమి సేద్యగాళ్ళం. పొలంలో పని లేని పొద్దు గాలం తీసుకొని చెరువు కట్ట ఎక్కుతాం. చేపలు పట్టడం మా వృత్తి కాదు. దొరికింది అమ్ముకోం, ఇంటికి తెచ్చుకుంటాం. అయితే కట్ట మీద గంటల తరబడి కూర్చునేవాళ్ళకు చెరువు సంగతి తెలిసినట్టు ఆఫీసులో కూర్చునేవాళ్ళకు తెలియదు. ఏ నెలలో నీళ్ళు ఎంత తగ్గాయి, ఏ చేప కనబడకుండా పోయింది, ఏ రాత్రి తూము లేచింది, ఇవన్నీ మా కళ్ళ ముందే జరుగుతాయి. అందుకే ఈ మాటలు.

చెరువుల మీద బతికిన సీమ

మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ. అది కూడా పడితే పడినట్టు, లేకపోతే లేదు. ఇంత తక్కువ వానతో మన పెద్దలు పంటలు తీశారంటే చెరువుల పుణ్యమే. ఈ పెనుకొండకు పెన్న నీళ్ళు తేవాలని విజయనగర ప్రభువు ఆజ్ఞాపిస్తే, నీటి పనుల్లో ఆరితేరిన సింగయ భట్టు శిరువెర చెరువుకు కాలువ తీయించాడని 1388 నాటి శాసనం చెబుతోంది. చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు, దాని దిగువన ధర్మవరం చెరువు, హిందూపురం వైపు పరిగి చెరువు, లేపాక్షి చెరువు. ఇవికాక పేరు లేని కుంటలు ఎన్నో. చాలామటుకు గొలుసుకట్టు చెరువులే. పై చెరువు మరవ పారితేనే కింది చెరువుకు నీళ్ళు.

నీళ్ళతో పాటే చేపా నడుస్తుంది. మరవ పారేటప్పుడు కిందికి దిగుతుంది, కొత్త నీళ్ళు వచ్చేటప్పుడు వంకలో ఎదురెక్కుతుంది. 2021 నవంబరు వానలకూ, 2022 అక్టోబరు వానలకూ చిత్రావతి, పెన్న పొంగి పారినప్పుడు, ఎండి బీటలు వారిన కుంటల్లోకి కూడా చేప చేరడం మనం చూశాం.

చెరువులో చేపలు రెండు రకాలని గుర్తుపెట్టుకోండి. మొదటి రకం చెరువునే పుట్టిల్లు చేసుకున్నవి. కొరమీను, మార్పు, జెల్లలు, చిన్న పరకలు. వేసవిలో చెరువు తగ్గిపోతే లోతు గుంటల్లో, బురదలో దాక్కొని ప్రాణం నిలుపుకుంటాయి. కొత్త నీళ్ళు రాగానే గుడ్లు పెడతాయి. రెండో రకం బొచ్చె, రోహు, మోసు. ఇవి పారే ఏటి నీళ్ళలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన చెరువులో పెట్టవు. అందుకే పిల్లను తెచ్చి వదలాలి. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో ఈ జాతి చేపలకు సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించాడు. ఇప్పుడు హేచరీల నుంచి వచ్చే పిల్లకు మూలం అదే. ఆ రోజునే దేశమంతా మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటారు.

మొదటి రకం బతకాలంటే వేసవిలో చెరువు అడుగున కొన్ని నీళ్ళు మిగలాలి. రెండో రకం కిలో బరువుకు ఎదగాలంటే నెలల తరబడి నీళ్ళు నిలవాలి. ఎటు తిరిగినా అడుగు నీళ్ళ దగ్గరికే వస్తాం.

అడుగు నీళ్ళకు ఇద్దరు పోటీదారులు

తూము మట్టానికి కింద నిలిచే నీళ్ళను వెనకటి రోజుల్లో ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. తూముకు అందని నీళ్ళు పొలానికి లేనట్టే లెక్క. అవి పశువులకు, చాకలి రేవుకు, కట్ట కింది బావుల ఊటకు, చేపకు. ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో నీరుగంటి చూసుకునేవాడు.

ఇప్పుడు నీరుగంటి లేడు. తూముకు అందని నీళ్ళను ఆయిల్ ఇంజను తోడేస్తుంది, మోటారు తోడేస్తుంది. ఒకవైపు ఆయకట్టు రైతు. వరి వెన్ను మీద ఉంది, ఇంకొక్క తడి దక్కితే పంట చేతికొస్తుంది. ఇంకోవైపు చేపల గుత్తదారు. వేలం పాటలో పెద్ద మొత్తం పాడాడు, వడ్డీకి తెచ్చాడు, గడువులోపల చేపంతా పట్టుకోవాలి. నీళ్ళు మోకాలి లోతుకు దిగితేగాని వలకు చేప నిలవదు. రైతు పైరు కోసం నీళ్ళు తోడతాడు, గుత్తదారు చేప కోసం నీళ్ళు వదిలేస్తాడు. ఇద్దరూ కలిసి చెరువును ఖాళీ చేస్తారు. కొట్లాడుకునేది కూడా వాళ్ళిద్దరే.

మా వైపు ఒక చెరువులో జరిగింది చెబుతాం. ఊరి పేరు వద్దు. మాఘం దాటాక ఒక రాత్రి తూము ఎవరో ఎత్తారు. తెల్లవారేసరికి నీళ్ళు కాలువలో పారుతున్నాయి, పొలాల్లో తడి పెట్టుకునేవాళ్ళు లేరు. నీళ్ళన్నీ వంక పాలయ్యాయి. మూడో రోజు వలలు దిగాయి, పెద్ద చేప లారీ ఎక్కింది, చిన్న పిల్ల గట్టున ఎండిపోయింది. వారానికి చెరువు బీటలు వారింది. నెల తిరిగేసరికి కట్ట కింది బోర్లు తగ్గాయి. మామిడి చెట్లకు నీళ్ళు ట్యాంకర్లతో తోలాల్సి వచ్చింది. గొర్రెల కాపరులు మంద తోలుకొని వేరే ఊరి చెరువు వెతుక్కున్నారు.

ఆ గుత్తదారును తిట్టడానికి చెప్పడం లేదు. ఏడాదికో పాట పెట్టి, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకే చెరువు అంటే, వచ్చే ఏడాదికి పిల్లను ఎవడు మిగులుస్తాడు? మన పొలం ఏడాది కౌలుకు ఇస్తే కౌలుదారు పెంట తోలతాడా? తోలడు. చెరువుదీ అదే కథ.

నలుగురు పెద్దలు, ఒక చెరువు

ఇక ప్రభుత్వం సంగతి. చెరువు కింద వంద ఎకరాలకు మించి ఆయకట్టు ఉంటే నీటిపారుదల శాఖది, అంతకు తక్కువైతే పంచాయతీది. చేప విషయం మత్స్యశాఖది. పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు వేరే ఉన్నాయి. వాటికి 2024 డిసెంబరులో ఎన్నికలు కూడా జరిగాయి. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదకొండవ షెడ్యూలు చూడండి. పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాల్లో మూడోది చిన్న నీటి వనరులు, ఐదోది చేపల పెంపకం. కాగితం మీద నీళ్ళూ చేపా ఒకే గుమ్మానికి వచ్చాయి. ఇన్ని శాఖలవాళ్ళూ ఒక్కసారి చెరువు కట్ట మీద కలిసి కూర్చోవడం మాత్రం మేం చూడలేదు.

రక్షణ చట్టం ఉందా అంటే ఉంది. 1897 నాటి భారత మత్స్య చట్టం. పేలుడు మందుతో, విషంతో చేపలు చంపడం నేరమని అందులో రాశారు. శిక్ష రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. తెల్లదొరల కాలంలో 200 రూపాయలంటే ఎద్దుల జత వచ్చేదేమో! ఇవాళ ఆ డబ్బుకు కిలో చేప రావడమే కష్టం. క్వారీల నుంచి జిలెటిన్ కడ్డీ తెచ్చి పేల్చేవాడు, పురుగుమందు పోసేవాడు, కరెంటు తీగ నీళ్ళలో వేసేవాడు ఈ చట్టానికి భయపడతాడా? ఆ నీళ్ళే మన ఎద్దులు తాగుతాయి. ఆ కరెంటుకు మన ఊరి కుర్రవాడే పోతాడు.

ఇంకో సంగతి. 2021లో వచ్చిన 217వ నంబరు జీవో గుర్తుందా? వంద హెక్టార్లు దాటిన చెరువులను బహిరంగ వేలానికి పెట్టాలని, ముందుగా నెల్లూరు జిల్లాలో మొదలుపెట్టారు. మత్స్యకారులు రోడ్డెక్కారు. 2024 ఆగస్టులో ఇప్పటి మంత్రివర్గం దాన్ని రద్దు చేసింది. మంచిదే, పోరాడినవాళ్ళ విజయం అది. అయితే జీవో రద్దయినంత మాత్రాన చెరువు బెస్త ఇంటికి తిరిగి రాదు. చాలాచోట్ల సొసైటీ పేరు ముందర ఉంటుంది, పెట్టుబడి పెట్టే షావుకారు వెనక ఉంటాడు. వల లాగినవాడికి కూలి, షావుకారుకు చేప.

సముద్రం మీద చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టుకోవడానికి ఆ గడువు. ఆ రోజులకు ఇచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. అది న్యాయమే, ఇంకా పెంచినా మేం సంతోషిస్తాం. కానీ మన చెరువుల మీద బతికే మత్స్యకారుడికి కరువే నిషేధం. 61 రోజులు కాదు, ఒక్కోసారి మూడేళ్ళు. ఆ మూడేళ్ళకు భృతి అడిగే దిక్కు లేదు.

ఉన్న హక్కులైనా అందుకోవాలి కదా. చేనేత కార్మికులకు లాగే మత్స్యకారులకూ 50 ఏళ్ళకే నెలకు 4 వేల పింఛను ఉంది. ధర్మవరం మగ్గాలవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు, చెరువు పక్క గుడిసెలవాళ్ళకు తెలియదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షల బీమా ఉంది. మన సంఘం కార్యకర్తలు ఆ ఇళ్ళకు వెళ్ళి కాగితాలు రాయించాలి. రైతు సంఘం చేయాల్సిన పనే అది.

2025 సెప్టెంబరు 22 నుంచి గాలపు సామాను మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఢిల్లీ వాళ్ళకు దండం. గాలం చవకైంది, చెరువులో చేప ఏదని మాత్రమే మా ప్రశ్న.

సంగటి పక్కన ఏముంది?

ఇప్పుడు వంటింటి లెక్కకు వద్దాం. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2025-26లో రోజుకు 307 రూపాయలు. అదైనా కొలతలు పోను పూర్తిగా చేతికి రావడం అరుదు. వేట మాంసం కిలో 800 చుట్టూ తిరుగుతోంది. అంటే ఇద్దరు రోజంతా మట్టి తవ్వినా కిలో మాంసం రాదు. గ్యాసు సిలిండరు మీద 2025 ఏప్రిల్లో 50 రూపాయలు పెంచారు. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది, కాదనడం లేదు. పొయ్యి వెలిగించారు సరే, కుండలో ఏం వేయాలి? రేషను బియ్యం ఉంది, రాగి పిండి ఉంది. పక్కన పులుసు లేదు.

పదేళ్ళ పిల్లవాడు సాయంత్రం గాలం వేసి నాలుగు జెల్లలు తెచ్చాడంటే ఆ ఇంట్లో ఆ రాత్రి సంగటికి పులుసు ఉన్నట్టే. చిన్న పరకలను ముళ్ళతో సహా నమిలి తింటాం. పిల్లలకు, బాలింతలకు ఎముక బలం అక్కడే దొరుకుతుంది. దానికి డీజిల్ అక్కర్లేదు, ఐసు అక్కర్లేదు, ఏ పథకంలోనూ పేరుండక్కర్లేదు.

దేశంలో చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రమే మొదటి స్థానం. ఆ చేపలో ఎక్కువ భాగం కొల్లేరు చుట్టూ, గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లోది. మన సంతకు ఐసు పెట్టెలో వచ్చే చేప ధరలో లారీ కిరాయి ఉంది, ఐసు ఖర్చు ఉంది, దళారీ కమీషను ఉంది. చెరువు ఎండిన ఊరికి ఆ పెట్టెలే గతి. కొనగలిగినవాడు కొంటాడు, కొనలేనివాడు ఎండుమిరపకాయ కారంతో ముద్ద మింగుతాడు.

ఆదాయం సంగతి కూడా చూడండి. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది. దారం తీశాక మిగిలే పురుగు చేపలకు మంచి మేత. చెరువు, మల్బరీ, రీలింగు మూడూ ఉన్న ప్రాంతం మనది. వీటిని కలిపి ఆలోచించే పథకం ఒక్కటీ మన దగ్గరికి రాలేదు.

కాలువ వచ్చింది, చెరువుకు వచ్చిందా?

శ్రీశైలం వెనుక నీళ్ళను మాల్యాల దగ్గర ఎత్తి తెచ్చే హంద్రీ-నీవా 2012లో జీడిపల్లికి చేరింది. 2016 చివర్లో ఇక్కడి గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళలో కియా కార్ల ఫ్యాక్టరీకి వాటా ఉంది. ఫ్యాక్టరీకి నీళ్ళు వద్దని మేం అనడం లేదు. దానికి పైపులైను వేసినంత శ్రద్ధగా కాలువ పక్క చెరువులకు తూములు పెట్టమంటున్నాం. ఏ చెరువుకు ఏ నెలలో ఎంత వదులుతారో ముందే ప్రకటించమంటున్నాం. రెండో దశ కాలువకు సిమెంటు లైనింగు వేస్తే ఊట ఆగిపోతుందని రైతులు మొత్తుకున్నారు. ఊట ఆగిన మేరకు చెరువులు నింపి తీర్చాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

మనం చేసుకోవాల్సిన తీర్మానాలు

ప్రభుత్వాన్ని అడిగేవి అడుగుదాం. మన చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. ఊరి ఉమ్మడి నీళ్ళను, చేపల రేవులను, అడవులను ఊరివాళ్ళే కట్టుబాట్లు పెట్టుకొని కాపాడుకోగలరని లోకమంతా తిరిగి చూసి రాసిన ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా ఆవిడకు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన నీరుగంటికి ఎవరూ బహుమతి ఇవ్వలేదు గానీ, ఆయన చేసిన పని అదే. అందుకని ఈ సభ ముందు ఆరు మాటలు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి చెరువులో తూము పక్కన ఒక గుర్తు రాయి పాతాలి. నీళ్ళు ఆ రాయికి దిగాక ఇంజను దించకూడదు, తూము ఎత్తకూడదు. రైతుకూ గుత్తదారుకూ ఒకటే కట్టుబాటు. దీనివల్ల మనలో కొందరికి ఆఖరి తడి పోతుంది. అది తెలిసే చెబుతున్నాం. అందుకే కార్తీకంలోనే కట్ట మీద కూర్చొని, ఉన్న నీళ్ళు కొలుచుకొని, వరి ఎంత, ఆరుతడి పైరు ఎంత అని తేల్చుకోవాలి. నీళ్ళు చూడకుండా నాటి, మార్చిలో ఇంజను మోయడం ఇక వద్దు.

రెండు. చేప హక్కు నిజంగా వల పట్టేవాళ్ళ సంఘానికే, ఏడాదికి కాకుండా కొన్నేళ్ళకు కలిపి ఇవ్వాలి. కరువు మండలంగా ప్రకటించిన ఏడాది గుత్త మాఫీ చేయాలి, వాళ్ళకు భృతి ఇవ్వాలి.

మూడు. కొత్త నీళ్ళు వచ్చిన నాటి నుంచి రెండు నెలలు వంక మొగలో వల కట్టకూడదు. దోమతెర వల ఎప్పుడూ వేయకూడదు. ఈ కట్టుబాటు గాలం వేసే మాకూ వర్తిస్తుంది. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీళ్ళ పైకి తేలుతుంటే కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. అక్కడ గాలం వేస్తే ఒక్క చేప దొరుకుతుంది, వందల పిల్లలు పోతాయి.

నాలుగు. మందు, విషం, కరెంటు వాడినవాడి మీద ఊరే ఫిర్యాదు ఇవ్వాలి. 200 రూపాయల జరిమానాను ఈ కాలానికి తగ్గట్టు మార్చాలని అసెంబ్లీలో అడగమని మన ఎమ్మెల్యేలకు వినతిపత్రం ఇవ్వాలి.

ఐదు. చెరువులో వదిలే పిల్ల వేలెడంత సైజుకు ఎదిగి ఉండాలి. మరీ చిన్నదైతే పెద్ద చేపకు మేత అవుతుంది. ఊరివాళ్ళ ముందు లెక్కపెట్టి వదలాలి. 2000లోనే కేంద్రం నిషేధించిన ఆఫ్రికా క్యాట్ ఫిష్‌ను మన నీళ్ళలోకి రానివ్వకూడదు. అది నాటు చేపను మిగలనివ్వదు.

ఆరు. ఇంటి కూరకు ఒక గాలం వేసుకునే హక్కు ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉండాలి. అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. అమ్మకం మత్స్యకారుడి బతుకు, మనం దాని జోలికి పోకూడదు.

ఈ ఆరింటిలో మొదటిది కష్టమైనది. మిగిలిన ఐదూ దాని మీదే నిలబడతాయి. అడుగు నీళ్ళు రైతువా, గుత్తదారువా అని పాతికేళ్ళుగా పోట్లాడుకుంటున్నాం. అవి పశువులవి, బోర్లవి, చేపవి, ఇప్పుడు కొనలేని ఇంటివి. వాటిని తోడే హక్కు మనిద్దరిలో ఎవరికీ లేదని ఒప్పుకుంటే పోట్లాట అక్కడే ఆగిపోతుంది.

వచ్చే సమావేశానికి ప్రతి గ్రామ శాఖ ఒక కాగితం తీసుకురావాలి. మీ చెరువు పేరు, తూము మట్టానికి పైన ఇవాళ ఎన్ని అడుగుల నీళ్ళున్నాయి, కింద ఎన్ని అడుగులు, ఎన్ని ఇంజన్లు దిగుతున్నాయి, చేప ఎవరి గుత్తలో ఉంది. ఈ ఐదు విషయాలు రాస్తే చాలు. ఆ కాగితాలన్నీ కలిపి కలెక్టరు దగ్గరికి మత్స్యకారుల సంఘాలను వెంటబెట్టుకొని పోదాం. రైతు ఒక గుమ్మానికి, బెస్త ఇంకో గుమ్మానికి తిరిగిన రోజులు చాలు.

సెలవు.